చించకూడని కవర్లు

అంటురోగానికి ఊరంతా తలుపులు మూసుకున్న ఆ ఏప్రిల్ నెలాఖరు మంగళవారం సాయంత్రం తపాలా బిళ్ళల సంఘం వాళ్ళు కంప్యూటర్లలో సమావేశమయ్యారు. సమావేశమంటే తెర మీద తలలు కనబడటం. పళ్ళ డాక్టరుగా రిటైరైన అధ్యక్షుడు రోలండ్‌ది నుదురు మాత్రమే కనబడుతోంది. ఫిలిస్‌వి ముక్కు రంధ్రాలు. డ్వేన్‌ది గడ్డం, దానికి అంటుకుని ఎండిపోయిన ఆవాల సాసు. ఆర్డిస్‌కి డెబ్భై ఒక్కేళ్ళు. పంతొమ్మిదేళ్ళుగా ఆ సంఘానికి కార్యదర్శి. లైబ్రరీ నేలమాళిగలో కుర్చీలు దూరం దూరంగా ఉండేవి కాబట్టి ఇన్నాళ్ళూ వీళ్ళని సహించింది. ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. చూడాల్సి వస్తుందనీ అనుకోలేదు.

"నేను వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ ఓవెన్‌లో పెడుతున్నా," అంది ఫిలిస్. "ఇరవై నిమిషాలు. క్రిమి చచ్చి ఊరుకుంటుంది."

"జిగురు కరగదా?" అన్నాడు రోలండ్.

"కరిగింది. మా ఆయన కరెంటు బిల్లు కూడా కాలింది. ఆయనకేం, సంతోషించాడు."

"ముందు అందరూ స్టాంపులు నాకడం మానేయండి. డాక్టరుగా చెబుతున్నాను."

"ఇప్పుడెవరు నాకుతున్నారు డాక్టరు గారూ? స్టాంపులన్నీ స్టిక్కర్లయిపోయి ఎంత కాలమైందో! మీరింకా నాకుతున్నారా?"

డ్వేన్ పెద్దగా నవ్వాడు. ఆ నవ్వుకి ఆవాల పెచ్చు ఊడి ఎక్కడో పడింది. "ఇదంతా ఉత్త జలుబయ్యా. మా బావమరిదికి వచ్చింది. మూడో రోజుకి లేచి పడవ కడుక్కున్నాడు."

"ఆయనకి వచ్చింది అదేనని ఎవరు చెప్పారు?" అని అడిగింది ఆర్డిస్.

"వాడే చెప్పాడు."

"ఉత్త జలుబైతే నీ వెనకాల గోడ పొడుగునా ఆ టాయిలెట్ కాగితం కట్టలు ఏంటి?"

"అది వేరు," అన్నాడు డ్వేన్, కెమెరా కొంచెం పక్కకి తిప్పుతూ.

ఇంతవరకూ ఫరవాలేదు. ఇలాంటి కబుర్లకి ఆర్డిస్‌కి విసుగొస్తుందే తప్ప అసహ్యం వేయదు. భయపడ్డ ముసలివాళ్ళు నోటికొచ్చింది మాట్లాడతారు, తనూ మాట్లాడుతుంది. అసలు సంగతి ఆ తర్వాత మొదలైంది. డ్వేన్ ఒక పెట్టె తెచ్చి, అందులోంచి పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగుల్లో పెట్టిన నాలుగు కవర్లని పేకముక్కల్లా విప్పి చూపించాడు.

"నాలుగు! ఎవరి దగ్గరైనా ఉన్నాయా ఇన్ని?"

ఆ కవర్లు ఎమరీ లూడ్కె రాసినవి. ఎమరీకి ఎనభై ఆరేళ్ళు. చెవులు బొత్తిగా వినబడవు, పెళ్ళి చేసుకోలేదు, నా అన్నవాళ్ళు లేరు. పోయిన శరదృతువులో తుంటి విరిగి ఊరి చివర వృద్ధాశ్రమంలో చేరాడు. మార్చిలో ఆశ్రమం తలుపులు మూసేశారు. లోపలికి మనిషిని రానివ్వరు, బయటికి పోనివ్వరు. ఉత్తరాలు మాత్రం వస్తాయి, పోతాయి. అవి కూడా మూడు రోజులు పెరటి కొట్టులో పడుండాలి. ఆ తర్వాత ఎవరో "మూడు రోజులు ఆపబడినది" అని ఎర్రసిరాతో ముద్ర వేసి పంపుతారు. ఆ ముద్ర అమెరికా మొత్తం మీద ఆ ఒక్క ఆశ్రమంలోనే ఉందని డ్వేన్ కనిపెట్టాడు. అంతే, సంఘమంతా ఎమరీ మీద ఎక్కడలేని ప్రేమ ఒలకబోసింది.

తమాషా ఏమిటంటే ఇలాంటి కవర్ల గురించి వీళ్ళకి నేర్పింది ఎమరీయే. జీవితమంతా ఆయన పోగుచేసింది కలరా కాలపు ఉత్తరాలు, పచ్చజ్వరం కాలపు ఉత్తరాలు. రోగం అంటకుండా అప్పట్లో ఉలితో గాట్లు పెట్టి పొగ పట్టించినవి, వెనిగర్ చల్లి మరకలైనవి. మిగతావాళ్ళు పైన ముద్ర చూసి ఆల్బంలో పెట్టేస్తారు. ఆయన మడత విప్పి లోపలిది చదివేవాడు. రెండు వందల ఏళ్ళ కిందటి తల్లి తన కొడుక్కి ఆవు చచ్చిపోయిందని రాస్తే, ఆ సంగతి సమావేశంలో తన ఇంట్లోనే జరిగినట్టు చెప్పేవాడు. "మనం సేకరించేది పైది ఎమరీ, లోపలిది కాదు," అని అందరూ నవ్వేవాళ్ళు. ఆర్డిస్ కూడా నవ్వేది. భర్త పోయిన ఏడాది ఆమెని చెయ్యి పట్టుకుని ఈ సంఘానికి తీసుకొచ్చింది ఆయనే.

"ఒక్కటి కూడా చించలేదు కదా?" అన్నాడు రోలండ్. నుదురు దగ్గరికొచ్చింది.

"నాకేమైనా పిచ్చా? చించకుండా ఉన్న కవరు చించకుండానే ఉండాలి. చూడండి, పైన చేతిరాత చూడండి. మొదటి దాని కంటే నాలుగో దాంట్లో అక్షరాలు ఎంత పెద్దవయ్యాయో, ఎలా వణికాయో. ఇలా వరసగా ఉంటే కొనేవాడికి నమ్మకం కుదురుతుంది."

"నాకు రెండే వచ్చాయి," అంది ఫిలిస్ బిక్కమొహం పెట్టి. "నా అడ్రసు రాసిన కవరు స్టాంపు అంటించి మరీ పంపాను. అందమైన స్టాంపు."

"అక్కడ పదకొండు మందికి వచ్చిందట," అన్నాడు రోలండ్ గొంతు తగ్గించి. "ఎమరీకి గాని వచ్చిందంటే..."

"ఛ ఛ, అలా అనకండి డాక్టరు గారూ." ఫిలిస్ ఒక్క క్షణం ఆగింది. "అయినా అడుగుతాను, ఆఖరి కవరు ఎవరి దగ్గరుందో మనకెలా తెలుస్తుంది?"

ఆర్డిస్ తెరకి దగ్గరగా వంగింది. "లోపల ఏం రాశాడో ఒక్కరైనా చదివారా?" అని అడిగింది.

"చదవాలంటే చించాలిగా!" అన్నారు ముగ్గురూ ఒక్కసారే, చిన్నపిల్ల ఏదో తెలియక అడిగినట్టు.

ఇంకా గట్టిగా దులిపేసేదే. కాని ఆమె ఆల్బం చివరి పేజీలో కూడా ఎమరీ కవరొకటి ఉంది. ఏప్రిల్ మూడున వచ్చింది. కాగితం మీద క్రిమి బతుకుతుందని రేడియోలో విని, మూడు రోజులాగి చదువుదామని బల్ల మీద పెట్టింది. మూడు రోజులయ్యాక చూస్తే ముద్ర ఎంత ఎర్రగా, ఎంత చక్కగా పడిందో! చించడానికి చెయ్యి రాలేదు. రేపు చూద్దాంలే అనుకుని తొడుగులో పెట్టింది. ఆ రేపు ఇంకా రాలేదు. ఆర్డిస్ కంప్యూటర్ మూసేసింది.

మర్నాడు బుధవారం. మధ్యాహ్నం పన్నెండింటికి ఇంకో కవరు వచ్చింది. ఎమరీదే. దీని మీద ఆమె పేరు ఒకసారి రాసి, రాసినట్టు కనబడలేదేమో, దాని మీదే మళ్ళీ రాశాడు. ఊరి పేరు అంచు దాటి కవరు వెనక్కి పోయింది. దీన్ని ఆ తపాలా మనిషి ఎలా చదివి తెచ్చాడో! ఆర్డిస్ సన్నటి చాకు తీసుకుని, ముద్ర చెదరకుండా పై అంచు వెంట జాగ్రత్తగా కోయడం మొదలుపెట్టింది. సగంలో తన చేతులు చూసుకుంది. ఛీ అనుకుని చాకు పారేసి వేళ్ళతోనే చింపేసింది.

లోపల కాగితం మీద బొటనవేలంత అక్షరాలు. ఒక వరస ఇంకో వరస మీదకెక్కింది. విడదీసి చదవడానికి పావుగంట పట్టింది.

"ఆర్డిస్, నాకు కనబడాలని పెద్దగా రాస్తున్నాను, అయినా కనబడటం లేదు. కళ్ళద్దాలు దుప్పట్లతో పాటు ఉతకడానికి పోయి ముక్కలై వచ్చాయి. నెల దాటింది. కళ్ళద్దాల షాపులు మూసేశారట. మా ఇంట్లో స్టాంపుల బల్ల సొరుగులో పాత జత ఉంది. తాళంచెవి డ్వేన్ దగ్గర ఉంది. నాకు కావలసింది అంతే. ఇక్కడి పిల్లలు మూతికి గుడ్డ కట్టుకుంటారు, పెదవులు కనబడవు. పలక మీద రాసి చూపిస్తారు, అది చదవలేను. కళ్ళద్దాలు లేవని ఒక పిల్లకి చెబితే మర్నాడు ఆ పిల్ల రాదు, కొత్త పిల్ల వస్తుంది. పాపం అలిసిపోయి ఉంటారు. విసిగించడం ఎందుకని అన్నిటికీ తల ఊపుతున్నాను. నిన్న కోటు వేసుకున్న ఆయనెవరో ఏదో అడిగాడు. దానికీ ఊపాను. దేనికో తెలియదు. ముందు రాసిన ఉత్తరాలు తపాలాలో ఎక్కడో చిక్కుకుని ఉంటాయి. ఈ రోజుల్లో ఎవరినీ అనడానికి లేదు."

ఆర్డిస్ వెంటనే ఆశ్రమానికి ఫోన్ చేసింది. ఇరవై నిమిషాలు సంగీతం వినిపించాక ఒకమ్మాయి పలికింది. పేరు మైలీ, ఆ వార్డులో సహాయకురాలు.

"ఎమరీ గారా? శుక్రవారం పొద్దున పంపేస్తున్నారమ్మా. అరవై మైళ్ళ అవతల మతిమరుపు వాళ్ళ కోసం వేరే చోటుంది. అక్కడికి."

"మతిమరుపా? ఆయనకా? పద్దెనిమిది వందల ముప్ఫై రెండులో ఏ ఊళ్ళో ఏ నెలలో కలరా వచ్చిందో ఇప్పుడు లేపి అడిగినా చెబుతాడు!"

"ఏది అడిగినా తల ఊపుతారమ్మా. అన్నం తిన్నారా అంటే ఊపుతారు, తినలేదా అన్నా ఊపుతారు. చార్టులో అలా రాసి ఉంది. పంపడానికి కూడా సరేనని ఊపారు."

"ఆయనకి మీ పలక కనబడదు. కళ్ళద్దాలు విరిగిపోయాయి."

"కళ్ళద్దాలు, కళ్ళద్దాలు అంటూనే ఉంటారు," అంది మైలీ నెమ్మదిగా. "మేం పలవరింత అనుకున్నాం. నేనిక్కడ చేరి పది రోజులేనమ్మా. ఆయన ముఖాన కళ్ళద్దాలు నేను చూడనే లేదు." గొంతు మారింది. "మిమ్మల్ని ఒకటడగనా? ఆయనకి కవర్లు పంపేది మీరేనా? వచ్చినవి చించి చేతికిచ్చేది నేనే. లోపల ఇంకో ఖాళీ కవరుంటుంది, పంపినవాళ్ళ అడ్రసుతోనే. ఉత్తరం ముక్క ఉండదు. ఆయన లోపల చెయ్యి పెట్టి తడుముతారు. నన్ను చూసి నవ్వుతారు. అదేం ఆటమ్మా?"

ఆర్డిస్‌కి తల కొట్టేసినట్టయింది. తను పంపిన దాంట్లో "జాగ్రత్తగా ఉండండి" అని ఒక ముక్క రాసింది. ఆ మాట ఆ అమ్మాయితో చెప్పుకోవడానికి మొహం చెల్లలేదు.

"కళ్ళద్దాలు తెస్తే ఇస్తావా తల్లీ? లేక మూడు రోజులు కొట్టులో పెట్టాలా?"

"కాగితమా ఏంటి పెట్టడానికి? సబ్బుతో కడిగి ఇస్తాను. కాని నేను నాలుగింటికి వెళ్ళిపోతాను, మళ్ళీ సోమవారమే. నాలుగింటి లోపల ఆయన తన నోటితో వద్దంటే చార్టులో రాసి పెడతాను. రాస్తే ఎవరూ కదపలేరు. వంటగది తలుపు దగ్గరికి తెండి."

అప్పటికి ఒంటిగంటన్నర. ఆర్డిస్ కోటు వేసుకుంది. తలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చి, ఆల్బంలోంచి ఏప్రిల్ మూడు నాటి కవరు తీసి జేబులో పెట్టుకుంది. దారిలో చదువుదామనుకుంది. డ్వేన్ ఇంటి ముందు కారాపి దాన్ని చేతిలోకి తీసుకుంది కూడా. చించడానికి ధైర్యం చాలక మళ్ళీ జేబులో పెట్టేసింది.

ఉత్త జలుబన్న డ్వేన్ వరండాలోకి రబ్బరు చేతి తొడుగులతో వచ్చాడు. మాస్కు గడ్డం కింద వేలాడుతోంది. సాసేజీలు కాల్చే పొడుగాటి పట్టకారుతో తాళంచెవి పట్టుకుని ఆమె ముందుకి చాపాడు.

"దగ్గరికి రాకు ఆర్డిస్. నువ్వు ఎక్కడెక్కడ తిరిగావో!"

"ఆయన కళ్ళు కనబడక నెల రోజులుగా అలమటిస్తున్నాడు డ్వేన్. తాళంచెవి నీ దగ్గరుంది. నీకు నాలుగు ఉత్తరాలు రాశాడు."

"నాకేం తెలుసు అందులో ఏముందో?"

"అదే నేననేది. తే, వాటిని."

"ఎందుకు?"

"నువ్వు తెస్తావా, నన్ను లోపలికి వచ్చి నీ వంటింట్లో దగ్గమంటావా?"

డ్వేన్ పెట్టె తెచ్చి వరండా మెట్టు మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి వేశాడు. ఆర్డిస్ పైనున్న కవరుని తొడుగులోంచి లాగింది. ఎమరీ ఇంటి తాళంచెవిని దాని మూలలో గుచ్చి ఈ చివర నుంచి ఆ చివరకి బర్రున చింపింది. డ్వేన్ తన వేలు తెగినట్టు కేక పెట్టాడు.

ఇందులో అక్షరాలు ఇంకా మరీ పెద్దవి కావు. వరసలు కూడా వేరు వేరుగానే ఉన్నాయి.

"డ్వేన్, ఆర్డిస్‌కి రాసి పది రోజులైంది. నా సంగతులన్నీ ముందు తనకే రాశాను. జవాబు లేదు. ఆ పిల్ల ఉత్తరం అందుకుని ఊరుకునే మనిషి కాదు. ఒక్కతే ఉంటుంది. పడిపోయినా చూసే దిక్కు లేదు. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఒక్కసారి వాళ్ళ వీధిలోంచి వెళ్ళి ఇంట్లో దీపం వెలుగుతోందో లేదో చూసి నాకు రాయి. నా కళ్ళద్దాల సంగతి తర్వాత చూద్దాం."

ఆర్డిస్ ఆ ఆఖరి వాక్యాన్ని మళ్ళీ చదివింది. మెట్టు మీద కూర్చుండిపోయింది. ఇప్పటిదాకా డ్వేన్ మీద, ఫిలిస్ మీద, ఆ నుదుటి డాక్టరు మీద పడిన రోతంతా ఒక్కసారి తన మీదకే తిరిగింది.

"సరిగ్గా ముద్ర మీదుగా చింపావు," అంటున్నాడు డ్వేన్ ఏడుపు గొంతుతో. "కాస్త పక్క నుంచైనా చింపకూడదూ!" తర్వాత మెడ సాచి ఆమె చేతిలోని కాగితం వైపు చూశాడు. "పెద్ద ఉత్తరమే రాసినట్టున్నాడే. లోపలి ఉత్తరం కూడా ఉంటే రేటు పెరుగుతుందేమో కదా? జాగ్రత్త, మడత పెట్టకు."

"నువ్వు మనిషివేనా?" అంది ఆర్డిస్. అని, ఆ మాట ఎవరినంటోందో తనకే తెలియక లేచి కారెక్కింది.

ఎమరీ ఇంట్లో నెలల తరబడి మూసి ఉన్న గాలి. స్టాంపుల బల్ల సొరుగు బిగుసుకుపోయింది. రెండు చేతులా లాగితే ఊడొచ్చింది. భూతద్దం పక్కన కళ్ళద్దాలు, ఒక కాడకి దారం చుట్టి ఉంది. ఆశ్రమం వంటగది తలుపు దగ్గరికి చేరేసరికి మూడూ నలభై. మైలీ బయటికొచ్చింది. ముఖమంతా మాస్కు గీతలు పడి ఎర్రగా ఉంది, ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో.

"ఆ మూల నుంచి మూడో కిటికీ అమ్మా. అక్కడ నిలబడండి. మీరు కనబడితే సంతోషిస్తారు. ఏమైనా చెప్పాలంటే రాసి అద్దానికి పెట్టండి, ఎటూ వినబడదు."

సరస్సు మీంచి చలిగాలి కొడుతోంది. ఆర్డిస్ కిటికీ ముందు గడ్డిలో నిలబడి కోటు జేబులు వెతుక్కుంది. సంఘం వేలంలో పెట్టెల మీద నంబర్లు వేసే లావు కలం ఉంది. కాగితం లేదు. ఉన్నదల్లా ఆ కవరే. టైము చూసుకుంది, పది నిమిషాలుంది. కవరు మీద గీత గీస్తే దాని పని సరి అని పంతొమ్మిదేళ్ళుగా కొత్త సభ్యులకి చెబుతూ వచ్చిన మనిషి, దాన్ని బోర్లా తిప్పి వెనక వైపు పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. "శుక్రవారం మిమ్మల్ని వేరే చోటికి పంపేస్తారు. వద్దని చెప్పండి."

లోపల మైలీ ఆయన ముఖానికి కళ్ళద్దాలు పెట్టింది. ఎమరీ చిక్కిపోయాడు. చొక్కా మెడ దగ్గర వదులుగా వేలాడుతోంది. ముందు తన చేతులు చూసుకున్నాడు. మైలీ కళ్ళు చూశాడు, పలక చూశాడు. తర్వాత కిటికీ వైపు తిరిగి ఆర్డిస్‌ని చూసి, రెండు చేతులూ పైకెత్తి చిన్నపిల్లాడిలా నవ్వాడు. గోడ మీది పలక లాక్కుని గబగబా రాసి చూపించాడు. చిన్న అక్షరాలు, సూటి వరస. "బతికే ఉన్నావు! హమ్మయ్య. ఎంత భయపడ్డానో."

ఆర్డిస్ కవరుని అద్దానికి ఆనించి పట్టుకుంది. ఆయన చదివాడు. నవ్వు పోయి కనుబొమలు పైకి లేచాయి. మైలీ వైపు తిరిగి, తన గొంతు తనకి వినబడదు కాబట్టి, అద్దం అదిరేలా అరిచాడు.

"వద్దు! నేనెక్కడికీ పోను! నాకు మతి బాగానే ఉంది!"

మైలీ చార్టు మీద రాసుకుంది. రాసింది ఆయనకి చూపించింది. ఆయన ప్రతి అక్షరం చదివి, ఒక మాట దిద్దించి, సంతకం పెట్టాడు. మైలీ ఆర్డిస్ వైపు చూసి బొటనవేలు పైకెత్తింది. ఆర్డిస్‌కి కన్నీళ్ళు ఆగలేదు. ఏడుస్తూనే నవ్వింది.

ఎమరీ మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, కళ్ళద్దాలు ముక్కు మీద సర్దుకుని, ఆమె చేతిలోని కవరుని చూశాడు. ఈసారి అక్షరాలు చదవలేదు. అక్షరాల కిందున్న మడతని, దాని మూల తన చేత్తో వేసిన తేదీని చూశాడు. డెబ్భై ఏళ్ళు కవర్లు చూసిన కళ్ళు అవి. జిగురు అంటించిన ఆ మడత ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎక్కడా లేవలేదు, ఎక్కడా చిరగలేదు. ఆర్డిస్‌కి సంగతి తట్టేసరికే ఆలస్యమైంది. చెయ్యి దించుదామనుకుంది, దిగలేదు. అది తనకి అందిన మొదటి ఉత్తరమనీ, నెల రోజులుగా తన దగ్గరే ఉందనీ ఆయనకి వేరే చెప్పక్కర్లేదు. క్షమించమని రాయడానికి ఆ కవరు మీద ఇంక చోటు కూడా లేదు.

ఎమరీ ఆమె ముఖం వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. పలక ఒళ్ళోనే ఉంది, దాని మీద ఏమీ రాయలేదు. నెల రోజులుగా ఆ గదిలోకి వచ్చి ఏదో ఒకటి అడిగిన వాళ్ళందరికీ ఎలా తల ఊపాడో, ఆమెకీ అలాగే తల ఊపాడు.